అతుకు

మా కవాడిగూడ ఇంటి ముందుగదిలో షాబాదు బండలన్నీ నిలువుగా పరిచి ఉంటాయి, ఒక్క చోట తప్ప. కిటికీ పక్కన నాలుగు బండలు అడ్డంగా ఉంటాయి. వాటి కింద ఒకప్పుడు గుంట ఉండేది. ఆ గుంటలో మా నాయనమ్మ కాళ్ళుండేవి, పైన మగ్గం మీద ఆమె చేతులుండేవి. 1983లో మగ్గం విప్పేసి గుంట పూడ్చారు. మట్టి గట్టిగా దిమ్మిస కొట్టలేదేమో, ఇప్పటికీ ఆ బండల మీద అడుగు పడితే చప్పుడు బోలుగా వస్తుంది. మొన్న దసరాకి అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు మా అన్న మనవడు వాటి మీద పాకుతున్నాడు. వాడి అరచేతులకి కూడా ఆ చప్పుడు వచ్చింది. నాయనమ్మ గురించి, ఆమె వాడిన ఒక మాట గురించి రాయాలని ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నాను. ఇక ఆగలేకపోయాను.

ఆ మాట అతుకు.

బయట ఈ మాటకి పెద్ద గౌరవం లేదు. అతుకుల బొంత, అతుకుల బతుకు, చీరకి అతుకు పడింది అంటారు. లేమికి గుర్తుగానే వాడతారు. నేత ఇళ్ళల్లో అలా కాదు. మా ఇంట్లో అతుకు వేయగలగడం ఒక విద్య, వేసే రోజు ఒక చిన్న పండగ.

మాది చేరియాల దగ్గరి పల్లె. తాత బతుకుదెరువు కోసం పట్నం వచ్చి లోయర్ ట్యాంక్‌బండ్ పక్కనున్న బట్టల మిల్లులో చేరాడు. మిల్లులో తాత యంత్రం మీద నేసేవాడు, ఇంట్లో నాయనమ్మ చేత్తో నేసేది. నూలిచ్చి కూలిచ్చే ఆసామి సికింద్రాబాద్ నుంచి మనిషిని పంపేవాడు. కండెలు చుట్టడం అమ్మ పని. నాకు ఏడెనిమిదేళ్ళు వచ్చాక అతుకులకు కూర్చోబెట్టారు, నా వేళ్ళు సన్నగా ఉండేవని.

నేత తెలియనివాళ్ళకు ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు చివరి దాకా నేసెయ్యరు. అచ్చు అంటే పోగుల్ని విడివిడిగా పట్టే దువ్వెన లాంటిది. దాని పళ్ళలోంచి వచ్చిన పాత పోగుల్ని జానెడు మిగిల్చి ఆపేస్తారు. కొత్త పడుగు తెచ్చి, ఒక్కొక్క పాత పోగు కొసకి ఒక్కొక్క కొత్త పోగు కొస కలిపి మెలిపెడతారు. వేళ్ళకి బూడిద అద్దుకుంటే పోగు జారదు. చీర పడుగంటే వేల పోగులు. ఒక్కటి తప్పినా బట్టలో గీతలా కనిపిస్తుంది. అతకకుండా పాతదాన్ని కోసి పారేస్తే ఆ వేల పోగుల్నీ అచ్చులోకి మళ్ళీ మొదటినుంచి ఒక్కొక్కటే దూర్చుకోవాలి. అతికితే ఆ బాధ లేదు. పాత పోగే కొత్త పోగును అచ్చులోంచి అవతలికి లాక్కుపోతుంది.

"పాతదాన్ని ఇడువకు బిడ్డా. గది ముందుగాల నడిస్తెనే కొత్తదానికి తొవ్వ దొరుకుతది," అనేది నాయనమ్మ.

ఇంకో సంగతి చాలా కాలం నాకు వింతగా ఉండేది. అంత కష్టపడి వేసిన అతుకులు బట్టలో కనిపించవు. అతుకులున్న ఆ జానెడు మేర నేతలోకి రాకుండా పక్కకు పోతుంది. చీర కట్టుకున్న మనిషికి అక్కడ రెండు రోజుల పాటు ఒక ముసలమ్మా ఒక చిన్నపిల్లా ఎదురెదురుగా కూర్చున్నారని తెలిసే దారే లేదు.

ఆ రెండు రోజులూ నాయనమ్మ నోరు ఆగేది కాదు. వేళ్ళు పోగుల మీద ఉంటే మాట మనుషుల మీద ఉండేది. తాత తండ్రి ఎట్లా నేసేవాడు, ఆయన తండ్రి ఏ కరువులో ఏ ఊరు వదిలాడు, ఎవరి చెల్లెలు ఎవరింటికి కోడలైంది, అన్నీ ఒక వరుసలో చెప్పేది. మధ్యలో ఎవరి పేరైనా మరిచిపోతే చెయ్యి ఆపేసి కళ్ళు మూసుకునేది. పేరు గుర్తొచ్చాకే మళ్ళీ మెలిపెట్టేది. అలా పోగుల మాట మనుషులకి వచ్చేసింది. ఎవరింట్లోనైనా పిల్ల పుడితే "అతుకు పడ్డది" అనేది. మా బస్తీలో ఒకతను కొడుకు కబురు లేక కుంగిపోయినప్పుడు "ఆళ్ళ అతుకు ఇడింది" అంది. తెగింది అనలేదు. విడింది అంది. విడినదాన్ని మళ్ళీ మెలిపెట్టొచ్చు కదా, అందుకేమో అనిపిస్తుంది ఇప్పుడు.

మా అన్నకి ముత్తాత పేరు పెట్టారు. అంటే తాత తండ్రి పేరు, నాయనమ్మకి మామగారి పేరు. ఆ కాలపు ఆడవాళ్ళు మామ పేరు నోటితో పలకరు. మరి మనవడిని ఏమని పిలవాలి? "మామా" అని పిలిచేది. అయిదేళ్ళ పిల్లగాడు గోళీలాడుకుని మట్టి కాళ్ళతో వస్తే "మా మామ అచ్చిండు, కాళ్ళకు నీళ్ళియ్యుండ్రి" అనేది. కోపమొచ్చినా వాణ్ణి అరే అనేది కాదు. నన్ను మాత్రం వీపు మీద రెండు వేసేది. నాకు ఒళ్ళు మండేది. పెద్దయ్యాక ఆలోచిస్తే, ఆ ఒక్క పిలుపులో నాలుగు తరాలు ఇంట్లో తిరుగుతూ ఉండేవి. ఎప్పుడో పోయిన మనిషికి రోజూ కాళ్ళకి నీళ్ళు అందేవి.

1977 ఎండాకాలంలో కూనపులివాళ్ళు మా బస్తీకి వచ్చారు. పద్మశాలీల కథ చెప్పడం తరతరాలుగా వాళ్ళ వృత్తి. చేతిలో చేరియాల నకాషీవాళ్ళు గీసిన పటం ఉంటుంది. ఖద్దరు బట్టకి చింతగింజల అంబలి, సుద్ద పూసి, ఎర్రటి నేల మీద బొమ్మలు వేస్తారు. పొడుగ్గా చుట్టగా చుట్టి ఉంటుంది. రాత్రి గుడి ముందు దాన్ని కట్టెకి వేలాడదీసి ఒక్కొక్క గడే దింపుతూ, పాడుతూ చెప్పారు. మార్కండేయుడి యాగం, భావనారుషి పుట్టుక, తామర తూడు నారతో దేవతలకి తొలి బట్ట నేయడం, ఆయన కొడుకులతో నూటొక్క గోత్రాలు మొదలవడం. మా గోత్రం పేరు వచ్చినప్పుడు తాత లేచి నిలబడి దండం పెట్టాడు. మిల్లు బట్టలు విప్పి ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు ఆ రోజు.

వాళ్ళు మా ఊరికి తరాలుగా కథ చెప్పేవాళ్ళ పిల్లలట. ఊళ్ళు పంచుకుని ఉంటారు, ఎవరి ఊళ్ళు వాళ్ళవి. ఊరు విడిచి పట్నమొచ్చిన ఇళ్ళని కూడా వెతుక్కుంటూ వచ్చారు, అడ్రస్ చీటీ లేకుండా, మనుషుల్ని అడుగుతూ. "గిది మా మిరాసి తాతా, మీరు యాడికి వోయినా మాదే," అన్నాడు వాళ్ళలో పెద్దాయన. నాయనమ్మ కొత్త తువ్వాలు, రెండు సోలల బియ్యం ఇచ్చింది.

మిరాసి అంటే ఏంటని ఆ రాత్రి తాతని అడిగాను. తాత నిజాం కాలంలో నాలుగో తరగతి దాకా ఉర్దూలో చదువుకున్నాడు. తెలుగు రాయడానికి తడుముకునేవాడు, ఉర్దూ పేపరు మాత్రం గడగడా చదివేవాడు. మిరాసి, విరాసత్, వారిస్ అన్నీ ఒక్క తల్లి పిల్లలని చెప్పాడు.

"వారిస్ అంటే?"

"వారసుడు."

"అది తెలుగు కదా తాతా!"

తాత చాలాసేపు నవ్వాడు. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పాడు. అరబ్బీ నుంచి వచ్చిన వారిస్ తెలుగువాళ్ళ నోట్లో వారసుడయ్యాడు. దానికి సంస్కృతపు త్వం తగిలిస్తే వారసత్వం అయింది. "రెండు దిక్కుల పోగులు. అతికినోడెవడో ఎర్క లేదు. జెర సుత కనబడ్తలేదు సూడు," అన్నాడు. ఇప్పుడు పేపర్లో ఎక్కడ వారసత్వ సంపద అని చదివినా నాకు తాత బనీను, వేపచెట్టు కింద నులక మంచం గుర్తొస్తాయి.

తాతకి ఇంకో మాట అలవాటు. తరం. "నా తరం గాదు" అనేవాడు. బరువైన మూట ఎత్తమంటే నా తరం కాదు, కొత్త పాటలు రేడియోలో వస్తే నా తరం కాదు. మొదటిది చేతకాదని, రెండోది నా వయసువాళ్ళది కాదని. చిన్నప్పుడు నాకు రెండూ ఒకటే అనిపించేవి. 1982లో కళ్ళు మసకబారి మిల్లు మానేసిన రోజు కూడా అదే మాట అన్నాడు, "ఇగ నా తరం గాదు." ఆ రోజు అది రెండిట్లో ఏదో నాకు తెలీలేదు. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మరుసటి ఏడు నాయనమ్మకీ నడుము పడిపోయింది. మగ్గం విప్పారు.

డిగ్రీ చదివేటప్పుడు సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి తరచుగా వెళ్ళేదాన్ని. 1901లో మొదలైన గ్రంథాలయం అది. తెలుగులో చదువుకోవడానికి బడులే కరువైన నగరంలో తెలుగు పుస్తకానికి ఒక చోటు ఉండాలని పట్టుబట్టిన మనుషులు కట్టింది. అక్కడ పాత నిఘంటువులు ముందేసుకుని ఇలాంటి మాటలన్నీ ఒక మధ్యాహ్నం వరసగా వెతికాను. వంశం అంటే వెదురు కూడా. కణుపు మీద కణుపు వేస్తూ పెరుగుతుంది కాబట్టి ఆ పోలిక నాకు సులువుగానే అందింది. పరంపర అంటే ఒకదాని తర్వాత ఒకటి. సంతతి, సంతానం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. రెండింటికీ మూలం తన్ అనే ధాతువు, సాగదీయడం అని అర్థం. తంతువు కూడా అందులోంచే వచ్చింది. తంతువంటే పోగు.

మా ఇంటి విషయం ఎవరో ఎప్పుడో రాసిపెట్టినట్టు అనిపించింది. బస్సు కోసం ఆగకుండా కోఠి నుంచి నారాయణగూడ మీదుగా నడిచి వచ్చేశాను. నాయనమ్మ మంచం మీద పడుకుని ఉంది. "నాయనమ్మా, సంతానమంటే నూలేనంట!" అన్నాను ఊపిరాడకుండా.

ఆమె నా మొహం వైపు చూసి, "గట్లనే ఉంటది గదా బిడ్డా. ఇంకెట్లుంటది?" అంది. నా చెయ్యి పట్టుకుని బొటనవేలు, చూపుడువేలు కలిపి మెల్లగా తిప్పింది, పోగు మెలిపెట్టినట్టు. అది ఆమె నాకు చేసిన చివరి పాఠం అనుకుంటాను. ఆ చలికాలం దాటలేదు.

2016లో బాపు, అంటే మా నాన్న, పోయాడు. ఊళ్ళో తాత పేరు మీద ఇరవై గుంటల భూమి ఉంది, అంటే అరెకరం. దాన్ని మా పేర్ల మీదికి మార్చుకోవాలి. మన తెలంగాణలో దీన్ని ఇప్పటికీ ఫౌతి అంటారు, విరాసత్ అంటారు. తాత చెప్పిన మాటే దరఖాస్తు మీద కనిపిస్తే కళ్ళు చెమర్చాయి. కానీ పని మాత్రం అంత తేలిగ్గా జరగలేదు. తాత పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉంది. ఇద్దరూ ఒకరే అని రుజువు తెమ్మన్నారు. ఏడాదిన్నర తిప్పారు. చివరికి 1954-55 నాటి ఖాస్రా పహాణీ, అంటే పాత భూమి రికార్డు, నకలు సంపాదించాం. అది ఉర్దూలో ఉంది.

ఆ కాగితం చేతిలో పట్టుకుని ఇంట్లో అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తాత చదివిన అక్షరాలు బాపుకి కొంచెం కొంచెం వచ్చేవి. నాకూ అన్నకీ ఒక్కటీ రాదు. ఒకే ఇంట్లో రెండు తరాల్లో ఒక లిపి మొత్తం జారిపోయింది. ఎవరూ పారేయలేదు, ఎవరూ తీసుకోనూ లేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది ఇదే. తాత రోజూ సాయంత్రం అరుగు మీద ఉర్దూ పేపరు చదువుతుంటే పక్కనే కూర్చుని పల్లీలు తిన్నాను. ఒక్క రోజు మొదటి అక్షరం అలీఫ్ ఏదని కూడా అడగలేదు.

ముషీరాబాద్‌లో బాపు పాత స్నేహితుడు ఒకాయన ఉన్నారు. చిన్నప్పటినుంచీ మాకు చాచా. తొంభైకి దగ్గరపడ్డారు. కాగితం తీసుకెళ్తే ముందు చాయ్ తాగమన్నారు. తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుని కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి, ఒక వరుస మీద వేలు ఆనించారు. కుడి నుంచి ఎడమకి మెల్లగా చదివారు. ముందు మా తాత పేరు. తర్వాత ఒక చిన్న మాట. ఆ తర్వాత ముత్తాత పేరు, అంటే మా అన్న పేరు.

"మధ్యలో అదేంటి చాచా?"

"వల్ద్," అన్నారు. "ఫలానా వల్ద్ ఫలానా. బేటా ఉస్‌కా. కొడుకు అని." ఇంకా అర్థం కాలేదేమో అనుకుని రెండు చూపుడువేళ్ళు కొక్కెంలా తగిలించి చూపించారు. "యే జోడ్ హై బేటీ. జోడ్."

జోడ్ అంటే అతుకే.

కాసేపు ఏం మాట్లాడలేకపోయాను. నాయనమ్మకి ఉర్దూ రాదు. చాచాకి మగ్గం తెలీదు. అయినా ఇద్దరి వేళ్ళూ ఒకలాగే కదిలాయి.

ఆడవాళ్ళకి ఏం రాస్తారని అడిగాను. కూతురైతే బింత్, పెళ్ళామైతే జౌజె అన్నారు. ఆ పహాణీలో మా వరుసలో రెండూ లేవు. వల్ద్, వల్ద్, వల్ద్. ఆ వేల అతుకులు వేసిన మనిషి పేరు ఏ కాగితంలోనూ లేదు. పేర్లన్నీ గుర్తుపెట్టుకుని మాకు అందించింది ఆమె. మామ పేరు పలకకుండానే దాన్ని నలభై ఏళ్ళు బతికించిందీ ఆమే.

మా విరాసత్‌లో నా పేరు కూడా రాశారు. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఉండాలని మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. అప్పుడు నాకు పదిహేడేళ్ళు, పెళ్ళి కాలేదు. 2005లో దేశమంతటికీ అదే దారి వచ్చింది. నా వాటా పది గుంటలు. డబ్బు లెక్కలో నాకది పెద్ద ఆసరా ఏం కాదు. అన్న మాత్రం, "నువ్వు రాయించుకోవాలి, నాయనమ్మ ఉంటే ఇదే అనేది," అని పట్టుబట్టాడు. 2018లో కొత్త పట్టాదారు పాసుపుస్తకాలు ఇచ్చినప్పుడు నా పేరు చూసుకున్నాను. మా వంశంలో భూమి కాగితం మీదికెక్కిన మొదటి ఆడదాన్ని. ఆ పుస్తకం తెచ్చి ముందుగదిలో ఆ అడ్డ బండల మీద పెట్టి, కాసేపు అక్కడే కూర్చున్నాను.

ఇప్పుడు ఉర్దూ నేర్చుకుంటున్నాను. చాచా మనవరాలు వారానికి రెండు రోజులు ఫోన్‌లో చెబుతుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, ఓపిక చాలా ఉంది. అక్షరాలు పదంలో ఒకదానికొకటి తగులుకున్నప్పుడు ఆకారం మార్చుకుంటాయి, అక్కడే తికమక పడతాను. మొన్న తాత పేరు రాసి ఫొటో తీసి పంపితే, మధ్యలో ఒక అక్షరం విడిగా ఉండిపోయిందని దిద్ది తిరిగి పంపింది.

పోయిన ఏడాది మా అన్నకి మనవడు పుట్టాడు. బారసాలనాడు తాత పేరే పెట్టారు. అమ్మకి ఎనభై దాటాయి. ఆమెకి అది మామగారి పేరు. కోడలి కోడలికి ఇదంతా తెలీదు, పిల్లాడి పేరు పిలవమని అమ్మని రెండు మూడుసార్లు అడిగింది. అమ్మ నవ్వి ఊరుకుంది. దసరానాడు పొద్దున వాడు ముందుగదిలో చాప మీద పడుకుని ఉంటే వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

"మా మామ లేశిండా? లేస్తే జెర పాలు వెచ్చవెడ్త."